రాత లేని కోడ్ సగం పనే

ఇంజినీరింగ్ చదివే ఓ అమ్మాయి ప్రాజెక్టు కోసం, వెబ్‌సైట్ల తయారీకి వాడే జాంగో నేర్చుకుందామని కూర్చుందనుకుందాం. ముందు యూట్యూబ్‌లో వీడియో వెతుకుతుంది. దొరికింది పాత వీడియో అయితే, అందులో చూపించినట్టే ‘యూఆర్‌ఎల్’ అనే ఫంక్షన్‌ను ఇంపోర్ట్ చేస్తుంది. వెంటనే ఎర్రర్ వస్తుంది, ఆ పేరు ఇంపోర్ట్ కావడం లేదని. అక్షరం అక్షరం సరిచూసుకుంటుంది, ఎక్కడా తేడా కనిపించదు. చివరికి ప్రోగ్రామింగ్ తనకు అబ్బదేమోనని దిగులు పడుతుంది.

నిజానికి ఆమె చేసిన తప్పేమీ లేదు. 2017 డిసెంబరులో వచ్చిన జాంగో 2.0, ‘యూఆర్‌ఎల్’ చేసే పనికి ‘పాత్’ అనే కొత్త ఫంక్షన్‌ను తెచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన 4.0లో పాతదాన్ని పూర్తిగా తీసేశారు. ఈ సంగతి అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఉంది కానీ, వీడియో మాత్రం పాతదే.

సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా దాని గురించిన రాత కూడా మారాలి. ఆ పనికి మనుషులు కావాలి, వాళ్లకు గుర్తింపు కావాలి. ఓపెన్ సోర్స్‌లో కోడ్ రాసేవాళ్లకు దక్కే గౌరవం, దాన్ని నలుగురికీ అర్థమయ్యేలా వివరించేవాళ్లకు దక్కడం లేదు. ఈ తేడా పోనంతవరకు డాక్యుమెంటేషన్ బాగుపడదని నా గట్టి నమ్మకం. ఓపెన్ సోర్స్‌లో ఉన్నవాళ్లతో 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో 93 శాతం మంది అరకొర డాక్యుమెంటేషన్, కాలం చెల్లిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురవుతున్నాయన్నారు. అదే సర్వేలో, ప్రాజెక్టులకు తోడ్పడేవాళ్లలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్ జోలికి ఎప్పుడో తప్ప వెళ్లమని, లేదా అసలే వెళ్లమని చెప్పారు. ఇబ్బంది అందరికీ తెలుసు, చెయ్యి వేసేవాళ్లే తక్కువ.

బాగా చేసినవాళ్లు లేకపోలేదు. జాంగోనే తీసుకోండి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి దినపత్రిక ‘లారెన్స్ జర్నల్-వరల్డ్’ కార్యాలయంలో అది పుట్టింది. 2005 జులైలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అక్కడ కొత్త ఫీచర్ తెచ్చినవాళ్లు కోడ్‌తో పాటు టెస్టులు, డాక్యుమెంటేషన్ కూడా ఇవ్వాలి. ఆ రెండూ లేకపోతే కోడ్ ఎంత బాగున్నా చేర్చుకోరు. డాక్యుమెంటేషన్ ఫైళ్లు కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంటాయి. ఒక సౌకర్యం ఏ వెర్షన్‌లో వచ్చిందో దాని పక్కనే రాస్తారు. వివరణలో తప్పు కనిపిస్తే, కోడ్‌లో బగ్‌కు వేసినట్టే టికెట్ వేయొచ్చు.

ఆ శ్రద్ధ ఎలాంటిదో తొలి పాఠం తెరిస్తేనే తెలుస్తుంది. జాంగో మీ కంప్యూటర్‌లో ఉందో లేదో చూసుకోమని ముందుగా ఒక కమాండ్ ఇస్తారు. ఉంటే వెర్షన్ నంబరు కనిపిస్తుందని, లేకపోతే ‘నో మాడ్యూల్ నేమ్డ్ జాంగో’ అనే ఎర్రర్ వస్తుందని అక్కడే చెబుతారు. పాఠం ఏ వెర్షన్‌కు రాసిందో చెప్పి, మీ దగ్గరున్నది వేరేదైతే పేజీ అడుగున కుడివైపు ఉన్న బటన్ నొక్కి మీ వెర్షన్ పాఠానికి వెళ్లమంటారు. చదివేవాళ్లు ఎక్కడ తడబడతారో ముందే ఆలోచించి, అక్కడ నిలబడి దారి చూపడమంటే ఇదే.

సాధారణంగా డాక్యుమెంటేషన్ చెడిపోవడానికి ఒక ముఖ్య కారణం, అందరికీ అన్నీ ఒకే పేజీలో చెప్పబోవడం. జాంగో సమాచారాన్ని నాలుగు రకాలుగా విడగొట్టింది. డానియేలే ప్రోచీదా ‘డయాటాక్సిస్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కూడా ఇలాంటిదే. కొత్తవాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించే పాఠం ఒకటి. ఫలానా పని ఎలా చేయాలో అంచెలంచెలుగా చెప్పేది రెండోది. ప్రతి ఫంక్షన్, ప్రతి సెట్టింగ్ వివరాలు పొల్లు పోకుండా ఇచ్చే రిఫరెన్స్ మూడోది. అసలు ఇది ఇలాగే ఎందుకుందో విడమరిచి చెప్పేది నాలుగోది. తొలి పాఠంలోనే ఇరవై ఆప్షన్లు ఏకరువు పెడితే కొత్తవాళ్లు బెదిరిపోతారు. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయి ఒక సెట్టింగ్ కోసం వెతుకుతున్నవాళ్లకు చరిత్ర చెబితే ఒళ్లు మండుతుంది. ఎవరి కోసం రాస్తున్నామో తేల్చుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

రెండో కారణం డబ్బు. వెబ్ డెవలపర్లు రోజూ తెరిచే డాక్యుమెంటేషన్ సైట్ ఎండీఎన్‌ను నడిపే మొజిల్లా, 2020 ఆగస్టులో సుమారు 250 మంది ఉద్యోగులను తొలగించింది. ఆ దెబ్బ ఎండీఎన్ రచయితలకూ తగిలింది. 2021 జనవరిలో గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థల తోడ్పాటుతో ‘ఓపెన్ వెబ్ డాక్స్’ ఏర్పడి, జీతమిచ్చి రచయితలను పెట్టుకుంది. స్వచ్ఛంద సేవ గొప్పదే. కానీ లక్షలమంది ఆధారపడే రాతను ఖాళీ దొరికినవాళ్ల దయకు వదిలేయడం న్యాయం కాదు.

ఇక మన విద్యార్థుల విషయం. ‘ఓపెన్ సోర్స్‌కు తోడ్పడాలంటే డాక్యుమెంటేషన్‌తో మొదలుపెట్టు’ అని వాళ్లకు అందరూ చెబుతారు. సలహా మంచిదే, అమలే దారి తప్పింది. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమం వాళ్లు నాలుగు పుల్ రిక్వెస్టులకు (మార్పుల ప్రతిపాదనలకు) టీషర్టు ఇస్తామంటే, రీడ్‌మీ ఫైళ్లలో అర్థం లేని మాటలు చేర్చే మార్పులు వెల్లువెత్తాయి. మన దేశంలో విద్యార్థుల కోసం చేసిన ఒక వీడియో చూసి ఎంతోమంది అదే తరహా మార్పు పంపారు. ప్రాజెక్టులు నడిపేవాళ్లు విసిగిపోయారు. నిర్వాహకులు ఆ నెల మొదట్లోనే నిబంధన మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే కార్యక్రమాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. పిల్లలను తిట్టి లాభం లేదు. ఏది పనికొచ్చే మార్పో వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

నేర్పడం కష్టం కాదు. ఒక సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి ఇన్‌స్టాల్ చేస్తున్నవాళ్లకు ఉన్న చూపు పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఉండదు. ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో, ఏ ఎర్రర్ వచ్చిందో, ఏం చేస్తే పోయిందో అప్పటికప్పుడు రాసుకోమనాలి. దాన్నే సరిచేసి ప్రాజెక్టుకు పంపమనాలి. కాలేజీలు చివరి ఏడాది ప్రాజెక్టు మార్కుల్లో దీనికీ చోటివ్వాలి. ఓపెన్ సోర్స్‌ను ఉచితంగా వాడుకుంటున్న హైదరాబాద్ ఐటీ కంపెనీలు తమ ఉద్యోగులకు పని వేళల్లోనే ఇందుకు సమయమివ్వాలి. ప్రాజెక్టులు నడిపేవాళ్లు కోడ్ విడుదల ప్రకటనల్లో డాక్యుమెంటేషన్ రాసినవాళ్ల పేర్లూ వేయాలి.

తెలుగులో కూడా ఈ పని జరగాలి. ఓపెన్ సోర్స్‌లో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఇంగ్లిష్ అంత బాగా రాదని పైన చెప్పిన సర్వేలోనే తేలింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, కలిసి రాయడం, కలిసి దిద్దుకోవడం మనకు చేతనవుతుందని చూపించింది. తెలుగులో పాఠం రాసినా, వీడియో చేసినా ఏ వెర్షన్‌కో, ఏ నెలలో చేశారో మొదటే చెప్పండి. ఏడాదికోసారైనా తిరిగి చూసి, పనికిరాకుండా పోయినదాన్ని తీసేయండి.

ఈ వారం మీరు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో మిమ్మల్ని తికమక పెట్టిన పేజీ ఒక్కటి ఎంచుకుని, మీ తర్వాత వచ్చేవాళ్లు తికమక పడకుండా దాన్ని సరిచేసి పంపండి.