విషము పేరు తెలియవలెను

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమున నిలువయున్న స్టైరీన్ వేడెక్కి, ఆవిరియై ఊరిపై వ్యాపించెను. 12 మంది అసువులు బాసిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. ప్రమాదమును తెలుపు సైరన్ మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన సంఘమే తేల్చినది. ఏమి జరుగుచున్నదో యెరుగక పరుగెత్తినవారు త్రోవలోనే కూలిరి.

ఈ ఆవిరి గాలికన్న బరువైనది. కన్నులు మండును, ఊపిరాడదు, స్మృతి తప్పును. దీనికి విరుగుడు లేదు. రోగిని మంచి గాలిలోనికి చేర్చి, కన్నులు నీటితో కడిగి, ప్రాణవాయువు నిచ్చుటయే చికిత్స.

బలసముద్రమున అట్టి కర్మాగారమెక్కడిదని పెద్దలు అడుగవచ్చును. కర్మాగారమున పుట్టిన విషము పురుగుమందు డబ్బాలో మన పొలమునకే వచ్చుచున్నది. డబ్బామీది గుర్తు ఎరుపైనచో అత్యంత విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువ. ఖాళీ డబ్బాను కడిగి నీళ్లకు వాడు ఇండ్లును కలవు! వీనిలో కొన్నింటికి అట్రోపిన్ అను విరుగుడు గలదు, కాని ఏ మందు సోకెనో వైద్యునకు తెలియవలెను. డబ్బాపై వ్రాత కన్నడమో ఆంగ్లమో; మన తల్లుల మాట తెలుగు. కన్నడము నేర్వవలసినదే, కాదనము. అయినను తొలకరికి ముందు ఒక పూట తలిదండ్రులను బడికి పిలిచి, ఈ సంగతులు తెలుగున చెప్పవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము. రోగివెంట డబ్బానుగూడ ఆసుపత్రికి కొనిపోవలెనని ఆనాడే చెప్పవలెను.