ఎండ్రకాయల ఆనవాలు

మా ఎర్రగుంట్లలో వంకలో దొరికేదేదైనా ఎండ్రకాయే; వేరే పేరు లేదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గాక, బొటనవేలంత మగపీత ఒంటి పెద్ద డెక్క ఊపుతుంటే ఆ బురదలోనే కూర్చుండిపోయాను. పక్కనే ఇంకొకటి. రెండూ ఒకే జాతా?

రంగును నమ్మలేం, వయసుతో మారుతుంది. డెక్క లోపలి బొడిపెలు చూడాలి. పొట్టమడత ఎత్తి, మగదాని జననాంగపు కొసను సూక్ష్మదర్శినిలో చూడాలి. పెద్ద డెక్క లేని ఆడవాటితో మరీ కష్టం. ఇలా డెక్క ఊపే పీతలుండే ‘యూకా’ అన్న ఒక్క ప్రజాతినే 2016లో 11గా విడదీశారు.

అందుకే ఫోన్ ఫొటో చాలదంటాను. ప్రతి జువాలజీ విభాగమూ నమూనాలను ఆల్కహాల్‌లో దాచాలి. సీసాలో చోటు, తేదీ, బెస్తలు పిలిచే పేరు రాసిన చీటీ ఉండాలి. మా వంక ఎండ్రకాయకూ ఒక సీసా కావాలి.