మళ్లీ ప్రారంభించే హక్కు ఎవరిది?

భిలాయిలోని ఖుర్సీపార్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసించుచున్నవి. ఉక్కు కర్మాగారంలో పని దొరుకునని ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చినవారు వారిలో ఎందరో కలరు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రగిలిన ఆ కర్మాగారమే మన రైళ్లు నడచు పట్టాలను తయారుచేయుచున్నది. అక్కడి కార్మికునకు ఒక కొలువే జీవితాధారము.

అదే ఉత్తరాంధ్రలోని రాజాం నుండి శ్రీ గ్రంధి మల్లికార్జునరావు బయలుదేరినారు. 1978లో జనపనార మిల్లుతో పరిశ్రమల రంగమున అడుగిడి, ఫెర్రో అల్లాయ్, చక్కెర, బ్యాంకింగ్, విద్యుత్ రంగాలలో ఒకదాని వెంట నొకటిగా ప్రవేశించినారు. వైశ్యా బ్యాంకులోని వాటాలను, సంకిలి చక్కెర మిల్లును తరువాత విక్రయించినారు. 2006లో ఢిల్లీ విమానాశ్రయ నిర్వహణ ఆయన సంస్థకు దక్కినది. 2008లో శంషాబాద్ విమానాశ్రయము ప్రారంభమైనది. ఆయన సాహసమును మేము తక్కువ చేయబోము.

అయితే సాహసము ఫలించనపుడు భారము మోయునదెవరు? ఖుర్సీపార్‌కు పొరుగునున్న రాయపూర్ జిల్లాలోని రాయిఖేడాలో ఆయన సంస్థ 1,370 మెగావాట్ల విద్యుత్కేంద్రమును నిర్మించినది. 2017లో రుణదాతలు బాకీలో కొంత భాగమును వాటాలుగా మార్చుకొని, సగమునకు మించిన యాజమాన్యమును పొందినారు. 2019లో అది అదానీ పవర్ వశమైనది. విమానాశ్రయాలు మాత్రము పాత సంస్థ చేతిలోనే నిలిచినవి. ఇందు చట్టవిరుద్ధమేమియు లేదు. ఒక కంపెనీ నష్టము మరొక కంపెనీని తాకకుండుట చట్టము పెట్టుబడికి కల్పించిన రక్షణ. మా ఆక్షేపణ వ్యక్తిపై కాదు, ఈ ఏర్పాటుపైననే.

కంపెనీ మూతపడి ఆస్తులు అమ్ముడైనపుడు కార్మికుల 24 నెలల బకాయిలకు తాకట్టు రుణదాతలతో సమాన స్థానము ఉండవలెనని 2016 నాటి దివాలా స్మృతి చెప్పుచున్నది. ఇది మంచిదే. కాని కాంట్రాక్టు కార్మికుని పేరు సాధారణముగా ఆ కంపెనీ జాబితాలోనే ఉండదు. కాంట్రాక్టరు మారినపుడెల్ల అతని సర్వీసు మొదటి రోజునకు వచ్చుచున్నది. ఆలోచించినచో ఇతడును మళ్లీ మళ్లీ ప్రారంభించువాడే! పారిశ్రామికవేత్త ప్రతి ప్రారంభమునకు గత అనుభవము పెట్టుబడి యగును. ఇతని గతము మాత్రము చెరిపివేయబడును.

సోదరులారా, స్టేషన్లను శుభ్రపరచువారిని, తపాలా కార్యాలయాలలోని తాత్కాలిక కార్మికులను ప్రతిదినము చూచుచున్న మనకు ఈ సంగతి కొత్త కాదు. యజమాని మారినను, కాంట్రాక్టరు మారినను కార్మికుని సర్వీసు కొనసాగవలెను. అతని బకాయి ప్రధాన యజమాని పద్దులోనే నమోదు కావలెను. పర్మనెంటు ఉద్యోగులమైన మనము ఈ కోర్కెలను మన కోర్కెలుగా స్వీకరించనంతవరకు అవి నెరవేరవు.

పెట్టుబడికి రెండవ అవకాశమున్నచో, శ్రమకును ఉండి తీరవలెను.