మంచు లేని సీమలో నాట్యం

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే అనంతపురం పీఠభూమిలో మంచుమీది నాట్యాన్ని గూర్చిన ప్రసక్తి కొందరికి వింతగా తోచవచ్చు. 2022లో బీజింగు ఒలింపిక్సులో ఫ్రాన్సు జంట గాబ్రియెల్లా పాపదాకిస్, గియోమ్ సిజెరోన్ స్వర్ణపతకం గెలిచినది ఆ నాట్యంలోనే. మంచు ఈ సీమకు దక్కదు. అంతమాత్రాన ఆ విద్యకు వాకిలి మూసినట్లు కాదు.

దానికి తోబుట్టువు వంటిది రోలర్ స్కేట్లపై చేసే కళావిన్యాసం. హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఒంటరిగా ఒక కాంస్యం, అవనీ పంచాల్‌తో జంటగా మరొక కాంస్యం సాధించాడు. 2015లో అర్జున పురస్కారం అతనిని వరించింది.

ఈ విద్యలో అంగబలమూ, లయజ్ఞానమూ రెండూ తూకానికి వస్తాయి. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. వ్యాయామోపాధ్యాయుడు దీనిని నాట్యమని విడిచిపెడతాడు. నాట్యాచార్యుడు ఆటయని త్రోసిపుచ్చుతాడు. నడుమ నష్టపోయేది విద్యార్థి. బడిలో నున్నని గచ్చు, కొన్ని జతల స్కేట్లు, ఓపికగల గురువు ఉంటే ఆరంభానికి చాలును. మంచు లేదనడం ఆడలేక మద్దెల ఓడన్న చందమే. ఈ సీమలో కరువు వానకే గాని, పిల్లల ఉత్సాహానికి కాదు.