రెండవ కుటుంబపు బిడ్డ

కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంట్, సన్నీవేల్ మొదలగు పట్టణములలో తెలుగువారు అధికముగా నివసించు వీధులందు, ఉద్యోగమునకు పోవు తల్లిదండ్రులు తెల్లవారగనే నిద్రమత్తు వీడని పసివానిని, పెరుగన్నపు డబ్బాను మరియొక తెలుగు ఇల్లాలి చేతికప్పగించి పోవుట నేడు సర్వసాధారణము. "అక్కా, మీ పాపతోపాటు మావాణ్ణి కూడా కాస్త చూడరా" అన్న మాటతో మొదలైన ఆ సాయము, ఆనోట ఈనోట పడి, ఏడాది తిరుగునప్పటికి నలుగురైదుగురు పిల్లల డేకేరుగా పరిణమించుచున్నది. తాను చట్టపు హద్దు దాటిన దినమేదియో ఆ ఇల్లాలికే తెలియకపోవుట విచారింపదగిన విషయము.

ఆ హద్దు మాత్రము స్పష్టముగనే ఉన్నది. తన బిడ్డలు గాక మరియొక్క కుటుంబపు పిల్లలను మాత్రమే చూచువారికి లైసెన్సు అక్కరలేదు. మనుమలను సాకు అమ్మమ్మకును అక్కరలేదు. కాని రెండవ కుటుంబమునుండి ఒక్క శిశువు వచ్చి నిత్యము ఉండనారంభించినచో, ఆ గృహమునకు లైసెన్సు ఉండితీరవలెను. "ఇద్దరే కదా పిల్లలు" అన్న సమాధానము చెల్లదు, ఏలయనగా చట్టము కుటుంబములను లెక్కించుచున్నది. దీనిని వేధింపుగా తలచువారితో నేనేకీభవింపజాలను. ఒక కుటుంబమువారు తామెరిగిన మనిషిని తామే ఎంచుకొందురు. కుటుంబములు పెరిగినకొలది ఆ ఎరుక పలుచనగును గనుక, దాని స్థానమున ప్రభుత్వపు పరీక్ష నిలుచుట న్యాయమే.

ఇక లైసెన్సనిన మనవారికి గల భయము అకారణము. చిన్న గృహమునకు సాధారణముగా ఆరుగురు, కొన్ని షరతులపై ఎనమండుగురు పిల్లల వరకు అనుమతి. అందరును రెండేండ్లలోపు శిశువులైనచో నలుగురే. సహాయకురాలిని పెట్టుకొన్న పెద్ద గృహమునకు పండ్రెండుగురు మొదలు పదునలుగురు. తన పదేండ్లలోపు బిడ్డలును ఈ లెక్కలోనివారే. ఇంట నివసించు పెద్దలందరి వేలిముద్రలు, క్షయ పరీక్ష, తట్టు, కోరింతదగ్గు టీకాలు, ప్రథమచికిత్సతో కూడిన 16 గంటల శిక్షణము కావలెను. పరిశీలనకు వచ్చిన అధికారి వంటగదిలో సింకు క్రింది అలమార తలుపు లాగిచూచును; అందు గిన్నెలు తోము ద్రవము, క్రిమిసంహారక మందు తాళము లేక కనబడినచో లోపముగా వ్రాసికొనును. పాకనేర్చిన బిడ్డ చేయి మొదట పోవునది అచటికే కదా! అద్దె యింటివారు సైతము జంకనక్కరలేదు: 2020 జనవరి 1 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, 30 దినములు ముందుగా వ్రాతపూర్వకముగా తెలిపిన, యజమాని ఈ వృత్తిని అడ్డజాలడు.

అయితే మనవారు తరచు తడబడునది వేరొకటి కలదు. రాష్ట్రమిచ్చు లైసెన్సు, దేశమిచ్చు పని అనుమతి భిన్నములు. ఒకటి యుండుటచేత రెండవది సిద్ధింపదు. హెచ్-4 వీసాపైనున్న ఇల్లాండ్రలో భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నము నిర్ణీత దశకు చేరినవారికి 2015 నుండి పని అనుమతి పొందు అవకాశము కలిగినది. అది చేతనున్నవారు స్వయముగా వ్యాపారము నడుపుకొనవచ్చును. సందర్శక వీసాపై వచ్చిన తల్లిదండ్రులు మనుమలను ముద్దుగా చూచుకొనవచ్చునేగాని, పొరుగింటి బిడ్డను చూచి డబ్బు పుచ్చుకొనరాదు. కోడలి డేకేరులో అత్తగారిని జీతమిచ్చి సహాయకురాలిగా నిలుపుటయు అట్టిదే.

చాటున సాగు డేకేరులో ఒక బిడ్డకు ద్రాక్షపండు గొంతున అడ్డుపడెననుకొందము. శిక్షణ లేని చేతులు వణకును. హద్దు దాటితినన్న భయమున అత్యవసర సేవకు ఫోను చేయుటకు సైతము మనసు వెనుకాడవచ్చును. ఆ క్షణపు జంకు ఒక ప్రాణమునకు ముప్పు. లైసెన్సుగల ఇల్లాలికి ఆ భయముండదు. పిల్లల భోజనమునకై కేంద్ర ప్రభుత్వమిచ్చు ఆహార పథకపు సొమ్ము కొంత ఆమెకు తిరిగి లభింపవచ్చును. ఆమె కష్టము వృత్తిగా గణనకెక్కును.

కావున పిల్లలను చూచు సోదరీమణులకు నా మనవి: రెండవ కుటుంబమువారికి సరేయనుటకు ముందే లైసెన్సునకు దరఖాస్తు పెట్టుడు. తల్లిదండ్రులారా, బిడ్డనప్పగించు ముందు లైసెన్సు సంఖ్య అడుగుటకు మొగమాటపడకుడు. ఆ సంఖ్యతో రాష్ట్ర సాంఘిక సేవల శాఖవారి పరిశీలన నివేదికలను ఎవరైనను చదువుకొనవచ్చును.