నాలుక మీద గడ్డ తీయించారు సరే.. బయాప్సీ రిపోర్ట్ తీసుకున్నారా?

పిల్లల నాలుక మీదో, నాలుక కిందో నున్నగా, నొప్పి లేకుండా చిన్న బుడిపె కనిపిస్తే 'నీటి తిత్తిలే' అనుకుంటాం. చాలాసార్లు అది నిజంగానే లాలాజల గ్రంథికి సంబంధించిన తిత్తే. కానీ అరుదుగా కొన్ని పుట్టుకతోనే వస్తాయి. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అదేమిటో కచ్చితంగా తేల్చేది ల్యాబ్‌లో చేసే కణజాల పరీక్షే. గాయం మానగానే ఆ రిపోర్ట్ సంగతి మర్చిపోతే అసలు జబ్బు పేరే మీకు తెలియకుండా పోతుంది.

పుట్టుకతో ఎందుకు వస్తాయి?

గర్భంలో నాలుగో వారం నుంచి నాలుక రూపుదిద్దుకుంటుంది. విడివిడిగా మొదలైన ఉబ్బులు కలిసి ఒక్కటవుతాయి. ఆ అతుకులో చర్మానికి చెందిన కణాలు చిక్కుకుంటే డెర్మాయిడ్, ఎపిడెర్మాయిడ్ సిస్టులు వస్తాయన్నది వైద్యుల వివరణ. పక్కనే ఏర్పడుతున్న జీర్ణనాళం కణాలు చిక్కుకుంటే మరీ అరుదైన ఫోర్‌గట్ సిస్ట్ వస్తుంది. అంటే తిత్తి ఉండేది నాలుకలో, దాని లోపలి పొర మాత్రం కడుపుదో పేగుదో!

ల్యాబ్‌లో ఏం చూస్తారు?

తీసిన గడ్డను ఫార్మలిన్‌లో వేసి పంపుతారు. ల్యాబ్‌లో దాన్ని మైనపు దిమ్మలో బిగించి, పలుచటి పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోప్ కింద చూస్తారు. లోపలి పొర చర్మంలా మాత్రమే ఉంటే ఎపిడెర్మాయిడ్. దాంతో పాటు వెంట్రుకల కుదుళ్లు, నూనె గ్రంథులు, చెమట గ్రంథుల్లాంటివి కూడా ఉంటే డెర్మాయిడ్. కండరం, ఎముక వంటి ఇతర కణజాలాలూ కనిపిస్తే టెరటాయిడ్. నోటి అడుగున వచ్చే సిస్టులను మేయర్ అనే నిపుణుడు 1955లో ఇలా మూడు రకాలుగా విడదీశారు.

ఇవి సాధారణంగా క్యాన్సర్ కావు. అయినా పేరు తెలియడం ముఖ్యమే. తిత్తి గోడలో కొంత మిగిలిపోతే గడ్డ మళ్లీ రావచ్చు. అప్పుడు చూసే డాక్టర్‌కు పాత రిపోర్టే ఆధారం.

ఆపరేషన్‌కు ముందు స్కాన్ ఎందుకు?

నాలుక మొదట్లో కనిపించే గడ్డ ఒక్కోసారి థైరాయిడ్ గ్రంథే కావచ్చు. మెడలోకి దిగాల్సిన గ్రంథి అక్కడే ఆగిపోతుంది. ఇలాంటి వారిలో సుమారు 70 శాతం మందికి శరీరంలో ఉన్న థైరాయిడ్ అదొక్కటే. తెలియక తీసేస్తే జీవితాంతం మాత్రలు వాడాల్సిందే. రక్తనాళాల గడ్డ అయితే కోసినప్పుడు రక్తస్రావం ముప్పు ఉంటుంది. అందుకే 'స్కాన్ చేశారా? మెడలో థైరాయిడ్ ఉందా?' అని ముందే అడగండి.

ప్రభుత్వ సేవల్లో ఎక్కడ చూపించాలి?

జాతీయ బాల ఆరోగ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఇది వర్తిస్తుంది. అంగన్‌వాడీకి, ప్రభుత్వ పాఠశాలకు వచ్చే వైద్య బృందానికి బుడిపె చూపిస్తే పై ఆసుపత్రికి రాసిస్తారు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకుంటుంటే ప్యాకేజీలో బయాప్సీ ఉందో లేదో ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

పసిబిడ్డ పాలు తాగలేకపోతున్నా, ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం వస్తున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీరు చేయాల్సినవి

* గడ్డ తీశాక బయాప్సీకి పంపారా, ఏ ల్యాబ్‌కు పంపారు, రిపోర్ట్ ఎప్పుడొస్తుంది అన్నది రాసుకోండి.

* సీసా మీ చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇవ్వమంటే ఆ రోజే ఇచ్చేయండి. మీ అంతట మీరు నీళ్లలోనో సెలైన్‌లోనో వేయొద్దు, కణజాలం పాడవుతుంది. సీసాపై పేరు, వయసు సరిచూసుకోండి.

* రిపోర్ట్ రాగానే ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించి 'పూర్తిగా తీసేశారా? మళ్లీ ఎప్పుడు రావాలి?' అని అడగండి.

* అనుమానముంటే స్లైడ్లు, మైనపు దిమ్మ అడిగి తీసుకుని మరో పాథాలజిస్టుకు చూపించవచ్చు.

రికార్డులు ఇవ్వం అంటే?

అడిగిన 72 గంటల్లోగా రోగికి వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలన్నదీ అందులోనే ఉంది. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడిగి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మూడేళ్లు దాటాక ఆ కాగితం దొరుకుతుందన్న హామీ లేదు. డిశ్చార్జి రోజు రిపోర్ట్ రాకపోతే, వచ్చే తేదీ కనుక్కుని ఆ రోజు వెళ్లి తెచ్చుకోండి.