గోడకు రంధ్రాల పలక సరే, దూలం మీద పొడి సంగతేమిటి?

అల్యూమినియం పొడి పేలుతుందంటే మన క్యాంపుల్లో ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. గిన్నె ఎక్కడైనా మండుతుందా అంటారు. గిన్నె మండదు. దాన్నే పిండిలా అరగదీసి గాలిలోకి లేపితే ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ చేరుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. చైనాలోని కున్‌షాన్‌లో 2014 ఆగస్టు 2న కారు చక్రాలకు మెరుగుపెట్టే ఫ్యాక్టరీలో జరిగిందదే. చివరికి లెక్క తేలింది 146 మంది. మనలాగే పొట్ట చేతపట్టుకుని ఊరు విడిచినవాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు.

ఇలాంటి పొడి మేఘంలో మంట ఒక్కోసారి ధ్వనిని మించి పరిగెడుతుంది. దాన్ని డెటొనేషన్ అంటారు. ముందు షాక్ వేవ్ పొడిని నొక్కి వేడెక్కిస్తుంది, వెనకనుంచి మంట దాన్ని నెడుతుంది. సెకనుకు కిలోమీటరు పైచిలుకు దూరం పోయే ఈ జంటను విడదీయడమెలాగో శాస్త్రజ్ఞులు కంప్యూటర్లలో లెక్కలు కడుతున్నారు. గొట్టం గోడలకు సన్నరంధ్రాల పదార్థం పరిస్తే, అడ్డంగా గోడకు కొట్టుకుని తిరిగివచ్చే చిన్న తరంగాలు అందులో ఇంకిపోతాయి. ఊతం తగ్గి మంట వెనకబడుతుంది. రేణువు సైజు, రంధ్రం సైజు, పొడి చిక్కదనం మారితే ఫలితమూ మారుతుంది, అందుకే అన్ని లెక్కలు.

మంచి విద్యే, కాదనను. కానీ షెడ్లలో మనుషుల్ని చంపే పేలుళ్ళు ఎక్కువగా ఆ వేగం దాకా పోనే పోవు. మొదట చిన్న పేలుడు. దాని కుదుపుకు దూలాల మీది పొడంతా లేస్తుంది. రెండోది అసలు పేలుడు. గొట్టంలో పలక పరిచినంత మాత్రాన దూలం మీది పొడి పోదుగా!

క్వీన్స్‌లాండ్‌లోని మౌంట్ ముల్లిగన్ గనిలో 1921 సెప్టెంబరు 19న 75 మందిని బొగ్గుపొడి పేలుడే పొట్టనపెట్టుకుంది. బొగ్గు గనుల్లో సున్నపురాతి పొడి ఎందుకు చల్లుతారో సింగరేణిలో చేసి వచ్చినవాళ్ళను అడగండి, చెబుతారు. లోహపు పొడి దగ్గర మాత్రం ఎయిర్ గన్‌తో ఊది శుభ్రం చెయ్యమనే సూపర్‌వైజర్లు ఇంకా ఉన్నారు. అది శుభ్రం కాదు, మేఘం తయారుచెయ్యడం. ఇలాంటి పొడికోసమే చేసిన వాక్యూమ్ ఇమ్మని అడగాలి. ఇవ్వకపోతే? ఇక్కడ చాలా రాష్ట్రాల్లో అమల్లో ఉన్న పని భద్రత చట్టం ప్రకారం, తీవ్రమైన ప్రమాదం అప్పటికప్పుడు మీదపడేలా ఉందనడానికి సరైన కారణముంటే పని ఆపే హక్కు మనకుంది. ఆపిన సంగతి వెంటనే చెప్పాలి, వేరే పని ఇస్తే చెయ్యడానికి సిద్ధంగా ఉండాలి.

ఒకవేళ పొడి అంటుకుంటే నీళ్ళు కొట్టకండి. అల్యూమినియంతో నీరు కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. జోరుగా చిమ్మే సిలిండరూ వద్దు, పొడిని లేపుతుంది. మంట చిన్నదైతే పొడి ఇసుక మెల్లగా కప్పండి. పెద్దదైతే బయటికి పరిగెత్తండి.